ఎక్కడ కూర్చుని అడుగుతున్నావు?

మా అన్నయ్య విశ్వపతి ఎవరు రాసిన కోడ్ రివ్యూ చేసినా ఒక్క వాక్యానికి మించి రాయడు. ఆ ఒక్క వాక్యమూ ఇదీ తప్పు అని చెప్పదు, ప్రశ్నలా ఉంటుంది. బాగుంటే రాసే మాట ఇంకా పొట్టిది. ఉద్యోగం చేసినంత కాలమూ ఆయన పని కెర్నెల్ అనే దానితోనే. యంత్రానికి అది ఇల్లాలి వంటిదని నాకొకసారి చెప్పాడు. పైకి కనిపించే ప్రోగ్రాములన్నీ దాన్ని అడిగేవే, కాస్త మెమరీ కావాలి, ఇంకాస్త కావాలి అని. ఉన్నదాంట్లో ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి దగ్గర తిరిగి పుచ్చుకోవాలో, ఏమీ మిగలనప్పుడు దేన్ని అటకెక్కించి చోటు చేయాలో అంతా అదే చూసుకోవాలట. ఆ ఇచ్చిపుచ్చుకునే భాగమే అన్నయ్య చదివేది. పని చాలించుకుని భీమిలి ఇంటికి వచ్చేశాక కూడా, విశాఖపట్నంలో ఒక చిన్న సంస్థ పిల్లలు తమ కోడ్ ఆయనకే పంపుతారు. ఆయన వసారాలో పడక్కుర్చీలో కూర్చుని, గూట్లోంచి కళ్ళజోడు తీసి, ఒక్క వాక్యం రాసి, కళ్ళజోడు మళ్ళీ గూట్లో పెట్టేస్తాడు.

ఆ పిల్లల్లో కౌముది ఒకతె. నవరాత్రుల్లో ఒక మధ్యాహ్నం ఎండన పడి స్కూటీ మీద వచ్చింది. హెల్మెట్ అయినా తీయకుండా మెట్ల మీద నిలబడింది.

"మళ్ళీ తిప్పి పంపారు సార్. మళ్ళీ అదే మాట. 'ఎక్కడ కూర్చుని అడుగుతున్నావు?' అని. ఆఫీసులో కూర్చునే అడుగుతున్నాను. ఇంకెక్కడ కూర్చుంటాను?"

"హెల్మెట్ తీస్తే సగం వేడి తగ్గుతుందమ్మా. మిగతా సగం చూద్దాం," అన్నాడు అన్నయ్య.

ఆ పిల్ల వేడికి కారణం ఉంది. వాళ్ళ సంస్థ పడవల్లో పెట్టే పెట్టె ఒకటి తయారు చేస్తుంది. ఒడ్డు నుంచి వచ్చే వాతావరణ హెచ్చరికలను అది అందుకుని, పడవ నడిపే సరంగు కళ్ళెదుట తెర మీద చూపిస్తుంది. కిందటి కార్తీకంలో వాయుగుండం పట్టిన రోజున ఒక పడవలో ఆ పెట్టె బిగుసుకుపోయింది. సాయంత్రం సముద్రం లేచిపోతూ ఉంటే తెర మీద మాత్రం పొద్దుటి మాటే నిలబడి ఉంది, గాలి సామాన్యం అని. అమ్మవారి దయ వల్ల పడవా వచ్చింది, మనుషులూ వచ్చారు. ఆ పెట్టెను విప్పి చూసింది కౌముదే. దాన్ని బాగుచేసే పని తనే అడిగి తీసుకుంది. విజయదశమికి కొత్త పెట్టెలు పడవలెక్కాలి. ఈలోగా అన్నయ్య ఒప్పుకుంటే ఆమె కోడ్‌తో ఎక్కుతాయి. లేకపోతే పాతదానితోనే తుఫానుల కాలంలోకి వెళతాయి.

నేను మంచినీళ్ళిస్తే తాగి, మెట్టు మీదే కూర్చుంది.

"నేను అడిగేది పిడికెడు మెమరీ సార్. పెట్టెలో బోలెడంత ఖాళీ ఉంటుంది. బల్ల మీద పెట్టి నెల్లాళ్ళు నడిపాను. అడిగిన ప్రతిసారీ ఇచ్చింది. ఒక్కసారి లేదనలేదు."

"లేదంటే?"

"కాసేపు ఆగుతుంది. చోటు ఖాళీ అయ్యాక తీసుకుంటుంది. ఆగడానికి ఒప్పుకునే రాశాను."

"ఆగినప్పుడు చేతిలో ఏముంటుంది?"

"లాక్ ఉంటుంది. హెచ్చరికల వరసలో ఇంకొకరు చెయ్యి పెట్టకుండా. అది పట్టుకోకపోతే వరస చెదిరిపోతుంది కదా." మళ్ళీ తనే, "మామూలు రోజున అక్కడ ఆగడమే ఉండదు సార్," అంది.

"మామూలు రోజుకి పెట్టె ఎందుకమ్మా, ఆకాశం చూస్తే చాలుగా."

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. అన్నయ్య వాదన వదిలిపెట్టి, భోజనం అయిందా అని అడిగాడు.

"లేదు. విసుగొచ్చి పొద్దుట టిఫినూ తినలేదు."

"విసుగు కూడా ఒక ఉపవాసమే. అయితే ఒక గంట దీపం దగ్గర కూర్చుంటావా? నీ ప్రశ్న సంగతి తర్వాత చూద్దాం."

మా ఇంట్లో నవరాత్రులకు అఖండ దీపం పెడతాం. పాడ్యమినాడు వెలిగిస్తే దశమి దాకా కొండెక్కకూడదు. అందుకని దాని దగ్గర వంతులవారీగా ఎవరో ఒకరం కూర్చుంటాం. ఆ కూర్చోవడానికి మా నాయనమ్మ సూరమ్మగారు పెట్టిన పద్ధతులున్నాయి. కూర్చున్నవాళ్ళు మాట్లాడకూడదు. తర్వాతి మనిషి వచ్చి పక్కన కూర్చునేదాకా లేవకూడదు. ఆ పూట అన్నం తిన్నవాళ్ళు కూర్చోకూడదు. నూనె, బెల్లం, నెయ్యి వంటి దేవుడి సామానంతా ఉండే కొట్టుగది తాళంచెవి కూర్చున్నవాళ్ళ ఒళ్ళో ఉండాలి. అన్నిటికన్నా గట్టిది, ఆ మనిషిని ఎవరూ ఏదీ అడగకూడదు. ఈ చివరిది భక్తితో పెట్టిన నియమం కాదు. నాయనమ్మ కోడలిగా వచ్చిన కొత్తల్లో ఆవిడ పూజలో కూర్చుంటే చాలు, పప్పెక్కడ, ఉప్పెక్కడ, చాకలి వచ్చాడు, దూడ తాడు తెంపుకుంది అని ఇల్లంతా పిలిచేదట. తను పెద్దరికానికి వచ్చాక మొదట చేసిన పని ఇది. ఆ గంటసేపు ఇంటికి ఏ లోటు వచ్చినా ఇల్లు ఆగవలసిందే. మా ఇంటి ఆడవాళ్ళకు ఏడాది మొత్తంలో దొరికే నిశ్శబ్దం ఆ పీట మీదే దొరికేది. అందుకే అందరం ఆ నియమాన్ని ప్రాణంలా చూసుకుంటాం.

అప్పటికి నా వంతు ముగించుకుని, మీనాక్షి వదినను కూర్చోబెట్టి, అన్నం తిని ఉన్నాను. అన్నయ్యా తిన్నాడు. వదిన లేస్తే నైవేద్యం వండుకుంటుంది, కౌముది కూర్చుంటుంది, వంట కాగానే వదినే తిరిగి వచ్చి ఆమెను లేపుతుంది అని అనుకున్నాం. కౌముది కాళ్ళు కడుక్కుని వచ్చింది. గుమ్మం బయటే నియమాలన్నీ చెప్పి, పీట పక్కనున్న ఇత్తడి చెంబు చూపించాను.

"వంతు మారేటప్పుడు వదిన తాళంచెవి ఇస్తుంది, కూర్చునే ముందు కొట్టుగది తీసి చెంబు నింపుకోమ్మా. మాలో అలవాటు."

ఆ పిల్ల వంగి చూసింది. చెంబులో సగానికి కాస్త తక్కువగా ఉంది. "చాలుతుందిలెండి పిన్నిగారూ. గంటేగా," అంది. వసారాలోంచి అన్నయ్య దగ్గు వినిపించింది. కౌముది వెళ్ళి వదిన పక్కన కూర్చుంది. వదిన తాళంచెవి ఆమె ఒళ్ళో పెట్టి లేచి వంటింట్లోకి వెళ్ళింది.

మొదట్లో ఆ పిల్లకు కుదురు లేదు. చెయ్యి ఫోను కోసం వెతుక్కుంది. పోను పోను భుజాలు దిగాయి. గరిటెడు గరిటెడు నూనె పోస్తూ, వత్తి సవరిస్తూ, దీపాన్ని చూస్తూ కూర్చుంది. సముద్రపు గాలికి ఆ వేళ దీపం నూనె ఎక్కువ తాగుతుంది. ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు. నాకు తెలుసు. గుమ్మం బయట గోడకు ఆనుకుని నామం చెప్పుకుంటున్నాను గాని, నా కళ్ళు చెంబు మీదే ఉన్నాయి.

వంటింట్లో వదినకు ఒక ఇబ్బంది వచ్చింది. పరమాన్నానికి పెట్టుకున్న బెల్లం డబ్బాలో చీమలు పట్టాయి. కొత్త బెల్లం దిమ్మ కొట్టుగదిలో ఉంది. వదిన గరిటె పట్టుకునే వంటింటి గుమ్మం దాకా వచ్చింది, పీట మీద పిల్లను చూసింది, ఒళ్ళో తాళంచెవిని చూసింది, వెనక్కి వెళ్ళి మంట తగ్గించింది. మళ్ళీ వచ్చింది. దీపం దగ్గర కూర్చున్న మనిషిని అడగకూడదు. అందులోనూ కొత్త పిల్ల, హడలిపోతుందేమో. లేచేదాకా ఆగుదాం అనుకుంది. తను వెళ్ళి కూర్చుంటేనే ఆ పిల్ల లేస్తుంది. వంట పూర్తయితేనే తను వెళుతుంది. బెల్లం పడితేనే వంట పూర్తవుతుంది. ఇదంతా వదినకూ తెలుసు. తెలిసీ, ఆగడమే మర్యాద అని ఆగింది. పీట మీద కౌముది కూడా అంతే మర్యాదగా ఆగింది. అమ్మగారు ఇప్పుడొస్తారు, ఇప్పుడొస్తారు అని.

చెంబులో నూనె అడుగంటింది. ఆ పిల్ల చెంబు వంచి, గరిటె వేలితో తుడిచి ఆ బొట్టు కూడా ప్రమిదలో వేసింది. వత్తి చివర ఎర్రబడింది. మా నాయనమ్మ నాటి నుంచి ఆ దీపం దశమికి ముందు కొండెక్కింది లేదు. ఇంట్లో చావులు జరిగిన ఏళ్ళల్లో కూడా పక్కింటివాళ్ళను కూర్చోబెట్టి నిలబెట్టుకున్నాం. లేచి వసారా వైపు వెళ్ళి, "అన్నయ్యా, అడగనా?" అన్నాను. ఆయన నా వైపు చూడకుండా చెయ్యెత్తి ఆగమన్నాడు. ఇంతలో ఏ పక్కన ఏం తప్పు జరిగిందో వెతుక్కున్నాను. ఒక్కటీ కనపడలేదు. ఎవరి నియమం వాళ్ళు తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. దీపం మాత్రం పోతోంది.

తిరిగి గుమ్మం దగ్గరకు వచ్చేసరికి వదిన మూడోసారి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కౌముది తలెత్తి ఆమె కేసి చూసింది, ఎందుకు రావడం లేదన్నట్టు. వదిన చూపు ఆ పిల్ల ముఖం మీద లేదు, ఒళ్ళో ఉంది. కౌముది ఆ చూపు వెంట తల దించుకుని తన ఒళ్ళోని తాళంచెవిని చూసుకుంది. వదిన చేతిలో గరిటెను చూసింది. మూసి ఉన్న కొట్టుగది తలుపును చూసింది. మళ్ళీ ఒళ్ళోకి చూసుకుంది. ఆ పిల్ల పెదవులు కొంచెం విడివడ్డాయి. ఏదైనా అనేస్తుందేమో, లేచిపోతుందేమో అని భయపడ్డాను. అనలేదు, లేవలేదు. తాళంచెవి తీసి నేల మీద పెట్టి, గుమ్మం వైపు చేత్తో తోసింది. అది గచ్చు మీద జారుకుంటూ, గడప పక్క తూములోంచి వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది.

ఆ మనిషిని అడగకూడదని నాయనమ్మ అన్నది గాని, ఆ మనిషి ఇవ్వకూడదని ఎక్కడా అనలేదు. ఇన్నేళ్ళుగా ఆ పీట మీద కూర్చున్న మాకెవరికీ అది తోచలేదు.

నేను తాళంచెవి తీసి అందిస్తే, వదిన బెల్లం కోసం చూసుకోలేదు. ముందు నూనె తెచ్చి, గడప మీదుగా చెంబు అందుకుని నింపి ఇచ్చింది. కౌముది ప్రమిదలో సన్నటి ధారగా పోసింది. వత్తి చిటపటలాడి, లేచి నిలబడింది. ఆ తర్వాత బెల్లం పడింది, పరమాన్నం దిగింది. వదిన వచ్చి పక్కన కూర్చుంది, కౌముది లేచింది. కూర్చునే ముందు వదిన, దాదాపు నిండుగా ఉన్న చెంబునే తీసుకెళ్ళి మళ్ళీ అంచుదాకా నింపుకు వచ్చింది. కౌముది అది చూసింది.

వసారాలోకి వచ్చి, పిలవకుండానే అన్నయ్య ఎదుట నేల మీద కూర్చుంది.

"తుఫాను రోజున హెచ్చరికలు గుంపుగా వస్తాయి సార్. పెట్టెలో చోటు నిండిపోతుంది. అప్పుడు నేను పిడికెడు అడుగుతాను."

"ఊఁ."

"ఇవ్వాలంటే కెర్నెల్ ముందు చోటు చేయాలి. పాత హెచ్చరికలను తీసి నిల్వ కార్డు మీదికి దించాలి. దించాలంటే ఆ వరస లాక్ కావాలి."

"ఊఁ."

"అది నా ఒళ్ళో ఉంది."

అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కౌముది, "లాక్ వదిలేసి అడుగుతాను," అంది.

"వదిలి మళ్ళీ పట్టుకునేలోగా వరసలో ఎవరైనా చెయ్యి పెడితే?"

ఆ పిల్ల పూజగది వైపు చూసింది. వదిన పక్కన చెంబు అంచుదాకా ఉంది. "అంటే, పట్టుకోకముందే అడిగి తెచ్చుకోవాలి. దొరక్కపోతే అసలు పట్టుకోకుండానే తిరిగి రావాలి," అని నా కేసి తిరిగి, "పిన్నిగారు గుమ్మంలోనే చెప్పారు. నేనే గంటేగా అన్నాను," అంది.

"నాకా కంప్యూటర్లు రావమ్మా, నేను నూనె సంగతే చెప్పాను," అన్నాను. అన్నయ్య నవ్వాడు.

అక్కడే గోడకు ఆనుకుని లాప్‌టాప్ తెరిచింది. సంచీలోంచి ఆ పడవ పెట్టెల్లాంటిదే ఒకటి తీసి పక్కన పెట్టుకుంది. రాసింది కొంచెమేనట, రెండు మూడు పంక్తులు పైకి వెళ్ళాయట, అంతే. కానీ వెంటనే పంపలేదు. కావాలని పెట్టె మెమరీ అంతా ఇరుకు చేసి, తుఫాను రోజులాగా హెచ్చరికలు గుమ్మరించి, ముందు తన పాత కోడ్‌నే నడిపించింది. కాసేపటికి తెర బిగుసుకుపోయింది. పొద్దుటి మాట ఎలా నిలబడిపోయిందో అలాగే. ఆ తెరను ఆమె చాలాసేపు చూసింది. ఆ పడవలో విప్పి చూసిన పెట్టె గుర్తొచ్చి ఉంటుంది. తర్వాత కొత్తది నడిపించింది. కొన్ని హెచ్చరికలు ఆలస్యమయ్యాయి, ఒకటి రెండు వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాయి. తెర మాత్రం ఆగలేదు. నేను ఊడ్చి, ముగ్గు వేసి, తులసి దగ్గర దీపం పెట్టి వచ్చేదాకా చూస్తూనే ఉంది, ఆగలేదు. అప్పుడు పంపింది.

అన్నయ్య గూట్లోంచి కళ్ళజోడు తీశాడు. మొదటి నుంచి చివరిదాకా చదివాడు, మళ్ళీ మొదటికి వెళ్ళాడు. ఏదో టైపు చేశాడు. కౌముది ఫోను మోగింది. రెండడుగుల దూరంలో ఉన్న మనిషి పంపిన మాటను ఆ పిల్ల ఫోనులో చదువుకుంది. 'ఇప్పుడు కూర్చో' అని ఉంది.

"ఎదురుగానే ఉన్నానుగా సార్, నోటితో చెప్పచ్చుగా," అంది.

"నోటిమాట నీకొక్కదానికే. అది నీ తర్వాత ఆ కోడ్ చదివేవాళ్ళకి."

పొద్దు వాలాక పక్కింటావిడ వచ్చి దీపం దగ్గర కూర్చుంది, చెంబు నింపుకునే. వదిన వసారాలోకి వచ్చి అందరికీ పరమాన్నం పెట్టింది. "బెల్లం కోసం కలుపుతూ కలుపుతూ ఉన్నానమ్మా. ఇంకాసేపు తాళంచెవి పట్టుకుని ఉంటే దీంతో గోడ కట్టుకునేవాళ్ళం," అంది. కౌముది నవ్వుతూనే రెండోసారి పెట్టించుకుంది. దశమినాడు పెట్టెలు పడవలెక్కేటప్పుడు తనూ జెట్టీకి వెళతానంది. పోయిన ఏడాది పడవ ఎక్కడ కట్టి ఉంటుందో కూడా కనుక్కుందట.

వెళ్ళబోతూ కళ్ళజోడు పక్కన తన హెల్మెట్ పెట్టిన సంగతి గుర్తొచ్చి గూటి దగ్గరకు వెళ్ళింది. హెల్మెట్ తీస్తే అన్నయ్య పుస్తకాలు పక్కకు ఒరిగి, వాటి వెనక అరిటాకు ముక్క కప్పిన చిన్న ఇత్తడి గిన్నె కనపడింది. ఆకు ఎత్తి చూసింది. నిండా నువ్వుల నూనె, పక్కనే కొత్త వత్తి. ఆ గూడు నేను రోజూ తుడుస్తాను, ఆ పుస్తకాల వెనక్కి మాత్రం ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు.

"ఇదెప్పుడు పెట్టారు సార్?"

"ప్రతి ఏడూ పెడతాను. పాడ్యమినాడు."

నేనూ వదినా ముఖముఖాలు చూసుకున్నాం. ఎన్ని నవరాత్రుల్లో ఎన్నిసార్లు ప్రాణాలు బిగబట్టుకున్నామో మాకే తెలుసు.

"కెర్నెల్ కూడా ఆపదకని కాస్త అట్టిపెట్టుకుంటుంది కదా," అంది కౌముది నెమ్మదిగా. "మరి ఇంట్లోవాళ్ళకైనా ఎందుకు చెప్పలేదు సార్?"

అన్నయ్య గిన్నె మీద ఆకు మళ్ళీ సరిగ్గా కప్పాడు.

"చెబితే చెంబు ఎవరు నింపుకుంటారమ్మా?"